గజపతి, రాయగడ పల్లెల్లో వైర్‌లెస్ రేడియో బిగింపు: గొట్టం, తీగ, ఎర్తు

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం చుట్టుపక్కల పల్లెల్లో ఫైబరు తీగ పంచాయతీ ఆఫీసు దాకానో, మెయిన్ రోడ్డు దాకానో వచ్చి ఆగిపోతుంది. అక్కడి నుంచి జీడితోటలోని ఇంటికో, రైసుమిల్లుకో, కొండవాలున ఉన్న బడికో తీగ లాగాలంటే మధ్యలో ఏరు ఉంటుంది, అడవి శాఖ భూమి ఉంటుంది, పాతాల్సిన స్తంభాలు ఉంటాయి. ఆ రెండు మూడు కిలోమీటర్లను 5 గిగాహెర్ట్జ్ రేడియోల జత సులువుగా దాటేస్తుంది. సెట్టింగులు గంటలో అయిపోతాయి. అయినా పెట్టిన ఏడాదే, మొదటి వానాకాలంలోనే మూలపడ్డ లింకులు ఊరూరా కనిపిస్తాయి.

‘సిగ్నల్ రావట్లేదు’ అన్న చోట ఎక్కి చూస్తే రేడియో చక్కగా ఉంటుంది. రేడియో బిగించిన ఇనుప గొట్టం కొంచెం తిరిగి ఉంటుంది, కనెక్టరులో నీళ్లు చేరి ఉంటాయి, ఎర్తింగ్ పేరుకే ఉంటుంది. అందుకే ఇక్కడ రేడియో మోడళ్ల గొడవకు పోకుండా గొట్టం, తీగ, ఎర్తు, ఎదుటి రేడియో వైపు పెట్టే గురి గురించే ఎక్కువగా చెప్పుకోవాలి.

దూరం లెక్క ముందు కాగితం మీద

ఖాళీ ఆకాశంలో 5.8 గిగాహెర్ట్జ్ తరంగం మొదటి కిలోమీటరు దాటేసరికి సుమారు 108 డీబీ (డెసిబెల్, సిగ్నల్ బలంలో తేడాను కొలిచేది) బలం కోల్పోతుంది. దూరం రెట్టింపైన ప్రతిసారీ ఇంకో 6 డీబీ పోతుంది. 5 కిలోమీటర్లకు ఇది 122 డీబీ దాకా వస్తుంది. రెండు వైపులా 23 డీబీఐ (యాంటెన్నా బలం పెంచే కొలత) యాంటెన్నా, రేడియో పవరు 20 డీబీఎం (సిగ్నల్ పవరు కొలత) అనుకుంటే 20, 23, 23 కూడి 122 తీసేస్తే అవతల అందాల్సింది మైనస్ 56 డీబీఎం. ఈ అంకెను రాసి జేబులో పెట్టుకోకుండా పైకి ఎక్కకూడదు. తర్వాత గురి చూసేటప్పుడు దీని విలువ తెలుస్తుంది. మైనస్ 56 రావాల్సిన చోట మైనస్ 72 వచ్చినా లింకు కలుస్తుంది, ఇంటర్నెట్ కూడా నడుస్తుంది. అసలు అంకె తెలియని మనిషి అక్కడితో సంతోషపడి దిగిపోతాడు. అలాంటి లింకు వానకో, ఆకులు దట్టమైతేనో తెగిపోతుంది.

ఎదుటి టవరు కంటికి కనిపిస్తే చాలదు. చూపు గీత చుట్టూ ఫ్రెనెల్ జోన్ అనే ఉబ్బెత్తు ప్రాంతం ఉంటుంది, మధ్యలో లావుగా, చివర్లలో సన్నగా. 5.8 గిగాహెర్ట్జ్‌కు దీని వ్యాసార్ధం నడి దూరంలో 1 కిలోమీటరు లింకుకు 3.6 మీటర్లు, 3 కిలోమీటర్లకు 6.2, 5 కిలోమీటర్లకు 8 మీటర్లు. అందులో కనీసం అరవై శాతం ఖాళీగా ఉండాలి. అంటే 5 కిలోమీటర్ల లింకులో సరిగ్గా మధ్యన ఉన్న చెట్టు తల చూపు గీతకు దాదాపు 5 మీటర్ల కింద ఉండాలి. దుర్భిణిలో ఎదుటి డాబా కనిపిస్తోందని ధీమాగా బిగించేసి, సిగ్నల్ 10 డీబీ తక్కువ ఎందుకుందో అర్థంకాక తల పట్టుకునేది ఇక్కడే.

ఈ ప్రాంతంలో చెట్టు అనేది కదిలే అడ్డంకి. తాటిచెట్టు ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. జీడిమామిడి అడ్డంగా విస్తరిస్తుంది కానీ పెద్ద ఎత్తు పెరగదు. నీలగిరి అలా కాదు. రాయగడలో కాగితం మిల్లు ఉండటంతో చుట్టుపక్కల రైతులు నీలగిరి, సరుగుడు వేస్తారు. నాటిన మొదటి ఏళ్లలో నీలగిరి ఏటా రెండు మూడు మీటర్లు లేస్తుంది. మొక్కలు మోకాలెత్తున ఉన్నప్పుడు బిగించిన లింకు మూడో ఏటికి మూసుకుపోతుంది, తోట కొట్టేశాక మళ్లీ తెరుచుకుంటుంది. దారిలో ఎవరి పొలంలో ఏం వేశారో అడిగి తెలుసుకోవడం ఏ సాఫ్ట్‌వేరు గీసే ఎత్తుపల్లాల పటం కన్నా తక్కువ పని కాదు. వాన సంగతి వేరు. 5 గిగాహెర్ట్జ్‌లో ఈ కొద్ది దూరాలకు వానచుక్కల వల్ల పోయేది అత్యల్పం. వానలో లింకు పోతోందంటే తడిసిన ఆకులనో, నీళ్లు పట్టిన కనెక్టరునో అనుమానించాలి. 60 గిగాహెర్ట్జ్ రేడియోలకు మాత్రం వాన నిజంగానే గండం.

వంశధార, మహేంద్రతనయ ఒడ్డున పల్లపు పొలాలకు ఇంకో చిక్కుంది. ఖరీఫులో మళ్లనిండా నీళ్లుంటే ఆ నీటిమట్టం మీద తరంగం పరావర్తనం చెంది నేరుగా వచ్చే దానితో కలుస్తుంది. ఒక్కోసారి బలం చేకూరుస్తుంది, ఒక్కోసారి దాన్నే చంపేస్తుంది. వేసవిలో బాగున్న లింకు నాట్లు పడ్డాక ఊగిసలాడితే ఒక చివర ఎత్తును మీటరు అటోఇటో మార్చి చూడాలి. అందుకే గొట్టం మీద కొంచెం పైకీ కిందకీ జరిపే జాగా మొదటే ఉంచుకోవాలి.

గాలి ఎంత తోస్తుంది

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లా మీదుగా వెళ్లింది. ఈ ప్రాంతంలో గొట్టం ఎంత గట్టిగా ఉండాలో అంచనా వేయడానికి అలాంటి రోజునే లెక్కలోకి తీసుకోవాలి. కట్టడాల మీద గాలి భారానికి భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం. అందులో విశాఖపట్నానికీ భువనేశ్వర్‌కూ మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. పర్లాకిమిడి ఆ రెంటి మధ్యనే ఉంది.

వేగాన్ని దానితోనే గుణించి, మళ్లీ 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు ఎన్ని న్యూటన్ల ఒత్తిడో వస్తుంది. 50 మీటర్లకు 1500 న్యూటన్లు, మన తూకంలో దాదాపు 150 కిలోలు. 60 సెంటీమీటర్ల డిష్షు ముఖం 0.28 చదరపు మీటర్లు. ఆకారాన్ని బట్టి మూడో వంతు కలుపుకుంటే డిష్షు మీద తోపు 55 కిలోల దగ్గర తేలుతుంది. అరచేయంత వెడల్పు, జానెడు పొడవు ఉన్న చిన్న పానెల్ రేడియో మీద అదే గాలి 5 కిలోలకు మించదు. తేడా పదకొండు రెట్లు. రెండు కిలోమీటర్లకు చిన్న పానెల్ సరిపోతుంటే ‘పెద్దదైతే బాగా లాగుతుంది’ అని డిష్షు పెట్టడం ఖర్చుకే కాదు, గోడకూ చేటు.

బజారులో అందరూ వాడేది ఇంచిన్నర జీఐ పైపు. బీ క్లాసు అయితే బయటి వ్యాసం 48.3 మిల్లీమీటర్లు, మందం 3.2. ఏ క్లాసుది మందం 2.9 ఉంటుంది, చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి కొలిచి కొనాలి. బీ క్లాసు పైపునే, దాన్ని గోడకు పట్టే చివరి క్లాంపు పైన 3 మీటర్లు లేపి ఆ 60 సెంటీమీటర్ల డిష్షు కడితే, పైన చెప్పిన గాలికి క్లాంపు దగ్గర లోహంలో ఒత్తిడి 340 మెగాపాస్కళ్లు దాటుతుంది. మామూలు ఉక్కు 240 దగ్గరే వంగి, వంగినట్టే ఉండిపోతుంది. అదే డిష్షును క్లాంపు పైన ఒక్క మీటరుకే ఆపితే ఒత్తిడి 115 దగ్గరుంటుంది, గొట్టానికి ఢోకా లేదు. రెండంగుళాల పైపుతో 3 మీటర్లు లేపినా, గొట్టం మీద తగిలే గాలిని కూడా కలిపితే హద్దు దగ్గరికే వస్తుంది. కాబట్టి డిష్షు ఉన్న గొట్టం చివరి క్లాంపు మీద మీటరున్నర దాటితే గై వైర్లు, అంటే గొట్టాన్ని పక్కల నుంచి లాగి పట్టే తీగలు, తప్పవు.

గై వైర్లు మూడు, చుట్టూ సమాన దూరంలో, నేలతో 45 డిగ్రీల దగ్గర. వైరు చివర ముడివేస్తే జారిపోతుంది. ప్రతి కొసకూ మూడేసి రోప్ క్లిప్పులు పడాలి. క్లిప్పులో గాడి ఉన్న దిమ్మ బరువు మోసే వైరు మీద, యూ-బోల్టు మడిచిన తోక మీద ఉండాలి. తిరగేసి వేస్తే బోల్టు బరువు మోసే వైరునే నొక్కి నలిపేస్తుంది. టర్న్‌బకిల్ (వైరును బిగువు చేసే మర) బిగించాక దాని రెండు కళ్లలోంచీ తీగ దూర్చి కట్టకపోతే గాలి ఊపుకు అదే వదులవుతుంది.

పిట్టగోడ మీద నమ్మకం పెట్టుకోవద్దు

డాబా మీదికి ఎక్కగానే కంటికి ఆనేది పిట్టగోడ. క్లాంపులన్నీ అక్కడే పడతాయి. కానీ నాలుగున్నర అంగుళాల పిట్టగోడ మీద ఏ బరువూ ఉండదు. పై రెండు వరుసల ఇటుకలను పట్టి ఉంచేది సిమెంటు ఒక్కటే. అక్కడ బిగించిన యాంకరు (గోడ రంధ్రంలో పట్టుకునే బోల్టు) గాలికి ఇటుకతో సహా ఊడొస్తుంది. స్లాబు మట్టానికి కింద ఉన్న తొమ్మిదంగుళాల గోడ, కాలమ్ లేదా స్లాబు అంచు మేలు.

రెండు క్లాంపుల మధ్య ఎడం ఎంత ఎక్కువైతే అంత మంచిది. డిష్షు పై క్లాంపుకు మీటరు ఎత్తున ఉండి 55 కిలోల తోపు తగిలితే, క్లాంపుల మధ్య 30 సెంటీమీటర్లే ఉన్నప్పుడు పై క్లాంపు మీద దాదాపు 240 కిలోల లాగుడు పడుతుంది. 60 సెంటీమీటర్లుంటే 150, మీటరుంటే 110. సామాను ఏమీ మారకుండా, డబ్బు ఏమీ పెరగకుండా లాగుడు సగానికి తగ్గుతుంది.

యాంకర్ ఫాస్టెనరుకు 10 మిల్లీమీటర్లది సరిపోతుంది. రంధ్రం ఇటుక మధ్యలో పడాలి, సిమెంటు అతుకులో కాదు. గోడ అంచుకు జానెడు లోపలే వేయాలి. డ్రిల్లు తీశాక రంధ్రంలోని పొడిని ఊది శుభ్రం చేయకపోతే యాంకరు పొడిని పట్టుకుంటుంది, గోడను పట్టుకోదు. బిగించేటప్పుడు గట్టిగా ఉన్నట్టే అనిపిస్తుంది, నెలకే కదులుతుంది. మట్టిగోడకు, బోలు దిమ్మల గోడకు యాంకర్లు పనికిరావు. 12 మిల్లీమీటర్ల బోల్టు గోడకు ఆరపార దూర్చి, రెండు వైపులా 15 సెంటీమీటర్ల చదరపు ఇనుప రేకు వేసి బిగించాలి. సిమెంటు రేకుల ఇల్లయితే గోడను వదిలేసి బయట నేలలో స్తంభం పాతడమే దారి.

నేలలో అయితే 6 మీటర్ల పైపుకు మీటరు లోతు, అడుగున్నర చదరపు గొయ్యి తవ్వి 1:2:4 (సిమెంటు, ఇసుక, కంకర) కాంక్రీటు పోయాలి. ఒకటిన్నర బస్తా సిమెంటు చాలు. పోసిన రోజే రేడియో ఎక్కించి గై వైరు లాగితే స్తంభం ఒరుగుతుంది. ఏడు రోజులు నీళ్లు పట్టి వదిలేయాలి. పైపు తల మూయడం మరిచిపోతారు. తెరిచి ఉన్న పైపులోకి వాన దిగి లోపలి నుంచి తుప్పు తింటుంది, వేసవిలో కందిరీగలు గూడు పెడతాయి. కోసిన చోట జింకు పెయింటు పూయాలి.

స్తంభం పడిపోతే దాని పొడవునా ఎటు పడినా కరెంటు తీగలకు తగలని చోటే పాతాలి. విద్యుత్ శాఖ స్తంభానికి రేడియో కట్టడం అనుమతి లేని పని, పైగా ప్రాణాపాయం. పైకి ఎక్కే మనిషికి నడుముకు కట్టే తాడు చాలదు, ఒంటి మొత్తానికి తొడిగే హార్నెస్ కావాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక ఇక్కడ ఉరుములు పుట్టుకొస్తాయి. పుణేలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిన దామిని యాప్ చుట్టుపక్కల పిడుగుల జాడ చూపుతుంది. ఎక్కే ముందు అది చూడాలి. ఉరుము వినిపించిందంటే దిగిపోవాలి.

తీగ దగ్గర పిసినారితనం

దుకాణంలో ‘కేట్ సిక్స్’ అని రాసిన నెట్‌వర్కు తీగ చుట్టలు రెండు ధరల్లో దొరుకుతాయి. చౌకదానిలో సాధారణంగా అల్యూమినియం మీద రాగి పూత ఉంటుంది. కత్తితో గీస్తే లోపల తెల్లగా కనిపిస్తుంది. చుట్ట ఎత్తితేనే తేడా చేతికి తెలుస్తుంది. ఇదే తీగ రేడియోకు కరెంటు కూడా మోస్తుంది కాబట్టి తేడా అక్కడ బయటపడుతుంది. 8 వాట్ల రేడియో, 24 వోల్టుల పాసివ్ పీఓఈ (నెట్‌వర్కు తీగలోనే కరెంటు పంపే) అడాప్టరు, వంద మీటర్ల తీగ అనుకుందాం. మంచి రాగి అయితే పైన 20 వోల్టులు అందుతాయి. పూత తీగ అయితే 17 వోల్టులే. మామూలుగా నడిచే రేడియో, పెద్ద డౌన్‌లోడు మొదలై కరెంటు ఎక్కువ లాగినప్పుడు దానంతటదే ఆరి మళ్లీ వెలుగుతుంది. యజమాని సాఫ్ట్‌వేరును తిడతాడు. 50 మీటర్ల లోపు ఈ తేడా ఒక వోల్టే, కనుక చాలామందికి అంటదు. కానీ అల్యూమినియం పెళుసు. గాలికి ఊగే చోట, కనెక్టరు మెడ దగ్గర లోపలే తెగుతుంది.

పీఓఈ రకం సరిపోల్చుకోకుండా తగిలించకూడదు. 24 వోల్టుల పాసివ్ రేడియోలు కొన్ని ఉంటే, 802.3ఏఎఫ్ ప్రమాణం 48 వోల్టుల రకానివి మరికొన్ని. ప్రమాణం ప్రకారం నడిచేది ముందు అవతలి పరికరాన్ని పలకరించి ఆ తర్వాతే కరెంటు ఇస్తుంది. పాసివ్ అడాప్టరు ఏదీ అడగదు, తగిలించిన దాంట్లోకి కరెంటు తోసేస్తుంది. పొరపాటున 48 వోల్టుల పాసివ్ అడాప్టరును 24 వోల్టుల రేడియోకు పెడితే అంతటితో దాని పని సరి.

బయటి తీగ నల్లటి పాలిథిన్ పైకప్పుతో, లోపల షీల్డు అనే లోహపు పొరతో ఉన్నదే వాడాలి. ఇంట్లో వాడే బూడిదరంగు పీవీసీ తీగ ఎండకు పొక్కి పగులుతుంది. పగిలిన చోట దూరిన నీళ్లు తీగలోపలే గొట్టంలో జారినట్టు కిందకు దిగి ఇంట్లోని అడాప్టరు పిన్నుల మీద తేలుతాయి. పైన రేడియో పొడిగా, కింద పిన్నులు పచ్చగా చిలుముపట్టి కనిపిస్తే కారణం ఇదే. రేడియో దగ్గర తీగ కింది వైపు నుంచే లోపలికి వెళ్లాలి. గోడలోకి దూరేముందు జానెడు కిందకు వంచి మళ్లీ పైకి తీస్తే నీటిబొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. గోడ రంధ్రం లోపలి నుంచి బయటికి వాలుగా ఉండాలి.

చివరి మూడు అంగుళాల పని ఓపికతో చేయాలి. రంగుల వరుస రెండు చివరలా ఒక్కటే: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. షీల్డు లోపల సన్నటి నగ్న తీగ ఒకటి వస్తుంది. దాన్ని కత్తిరించి పారేయకుండా లోహపు ఆర్‌జే45 కనెక్టరు ఒంటికి తాకేలా వెనక్కి మడిచి క్రింప్ చేయాలి, అంటే పనిముట్టుతో నొక్కి బిగించాలి. ప్లాస్టిక్ కనెక్టరు వేస్తే షీల్డు తీగకు పెట్టిన డబ్బు దండగ. సాగదీస్తే తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు ముందు, దాని మీద మామూలు పీవీసీ టేపు కింద నుంచి పైకి చుట్టాలి, అప్పుడు పొరలు ఇంటి పెంకుల్లా నీటిని బయటికి జారుస్తాయి. ముక్కు పగిలే పులుపు వాసన వచ్చే సిలికాన్ పూస్తే దాంట్లోంచి వెలువడే ఆమ్లం రాగిని తింటుంది. రేడియో అడుగున ఉండే చిన్న నీటి రంధ్రాన్ని ‘ఎందుకైనా మంచిది’ అని మూసేసిన వాళ్లున్నారు. లోపల చెమర్చిన తేమ బయటికి పోయే దారి అదొక్కటే.

ఇక కోతులు. కొండ పల్లెల్లో గొట్టం పట్టుకు ఊగడం, వేలాడే తీగ లాగడం వాటికి నిత్యకృత్యం. తీగ ఎక్కడా ఉరిలా వేలాడకూడదు. చేతికందే ఎత్తు దాటి రేడియో దాకా హెచ్‌డీపీఈ పైపులో పోవాలి. తెల్ల కేబుల్ టైలు ఎండకు పెళుసెక్కి తెగుతాయి, నల్లవి గానీ స్టీలువి గానీ వాడాలి.

ఎర్తు రెండు చోట్ల ఉంటే

తొలి పరీక్ష ఇంటి సాకెట్టు దగ్గర. మూడో రంధ్రానికీ ఫేజుకూ మధ్య వంద వాట్ల బల్బు పెడితే ఫేజు, న్యూట్రల్ మధ్య వెలిగినంత వెలగాలి. అసలు వెలగకపోతే ఆ రంధ్రం వెనక ఏమీ లేదు. ఇంకో దారుణం కూడా జరుగుతుంటుంది. ఎర్తు గొయ్యి లేని ఇంట్లో సాకెట్టు వెనకే న్యూట్రల్ తీగను ఎర్తు పిన్నుకు కలిపేస్తారు. బల్బు బాగానే వెలుగుతుంది. మెయిన్‌లో న్యూట్రల్ తెగిన రోజు మాత్రం లోహపు పెట్టెలన్నిటికీ, తీగ షీల్డు ద్వారా డాబా మీది గొట్టానికీ కరెంటు ఎక్కుతుంది. కాబట్టి సాకెట్టు విప్పి చూడాలి. ఈ రెండు పనులూ కరెంటు పని తెలిసిన వాళ్లే చేయాలి.

షీల్డు తీగ, లోహపు కనెక్టరు, ఎర్తు పిన్ను ఉన్న అడాప్టరు, సాకెట్టు వెనక నిజమైన ఎర్తు. ఈ గొలుసులో ఏ ఒక్కటి లేకపోయినా మిగతావి అలంకారమే. పొడిగాలిలో, ఉరుము దూరంగా ఉన్నప్పుడు కూడా తీగ మీద పేరుకునే విద్యుదావేశానికి పోయే దారి లేకపోతే అది రేడియో పోర్టులోంచి దారి వెతుక్కుంటుంది. పోర్టు ఒకేసారి చావదు. దాని వేగం ముందు 1000 మెగాబిట్ల నుంచి 100కు, తర్వాత 10కి పడిపోతుంది.

అంతకన్నా తెలివిగా చేశామనుకుని బోల్తాపడే చోటు ఒకటుంది. డాబా మీది గొట్టానికి కొత్త ఎర్తు గొయ్యి తీస్తారు: రెండున్నర మీటర్ల జీఐ పైపు, బొగ్గు, ఉప్పు, అన్నీ పద్ధతి ప్రకారం. ఇంటికి పాత ఎర్తు ఇంకో మూల ఉంటుంది. రెండింటినీ కలపరు. దగ్గర్లో పిడుగు పడితే ఒక గొయ్యి దగ్గరి నేలకూ ఇంకో గొయ్యి దగ్గరి నేలకూ మధ్య వేల వోల్టుల తేడా పుడుతుంది. ఆ తేడాను కలిపే తీగ ఇంట్లో ఒకటే ఉంది, అదే నెట్‌వర్కు తీగ. రేడియో, అడాప్టరు, రౌటరు, దానికి తగిలించిన టీవీ వరసగా పోతాయి. అందుకని రెండు గొయ్యిలనూ 25×3 మిల్లీమీటర్ల జీఐ పట్టీతో నేలలోనే కలపాలి. సర్జ్ ప్రొటెక్టర్లు (పిడుగు పోటును ఎర్తుకు మళ్లించేవి) పెడితే పైన రేడియో దగ్గర ఒకటి, కింద తీగ ఇంట్లోకి దూరే చోట ఒకటి, రెండూ ఆ ఉమ్మడి ఎర్తుకే. వాటి ఎర్తు తీగ పొట్టిగా, తిన్నగా, లావుగా ఉండాలి. మిగిలిన తీగను అందంగా చుట్టచుట్టి పెడితే పిడుగు వేగానికి ఆ చుట్టే అడ్డుగోడ అవుతుంది.

రేడియో గొట్టం తలకంటే రెండు అడుగులు కిందే ఉండాలి. నేరుగా మీద పడే పిడుగును ఏ ప్రొటెక్టరూ ఆపదు. ఇవన్నీ చుట్టుపక్కల పడే వాటి నుంచి కాపాడటానికే, మరి దెబ్బల్లో ఎక్కువ భాగం అలాంటివే.

గురి

రేడియోలు రెండింటినీ కిందే, ఒకే గదిలో, పవరు బాగా తగ్గించి కలిపి చూసుకోవాలి. పాస్‌వర్డు, పేరు, ఐపీ చిరునామా, ఫర్మ్‌వేరు అన్నీ అక్కడే. డాబా మీద ఎండలో ఫోను తెర కనబడక సెట్టింగులు తప్పుకొట్టడం తప్పుతుంది. దేశం దగ్గర భారత్ ఎంచుకోవాలి. 2018 అక్టోబరులో కేంద్రం 5150 నుంచి 5350, 5470 నుంచి 5875 మెగాహెర్ట్జ్ వరకు, మొత్తం 605 మెగాహెర్ట్జ్ లైసెన్సు లేకుండా వాడుకోవడానికి వదిలింది. పవరు హద్దులు మాత్రం ఉన్నాయి. వేరే దేశం పేరు పెట్టి పవరు పెంచడం చట్టవిరుద్ధం, లాభమూ తక్కువే: గరిష్ఠ పవరులో సిగ్నల్ వక్రిస్తుంది, పై వేగాలు పడిపోతాయి.

మొదట ఒక వైపు కదలకుండా ఉంచి, రెండో వైపు అడ్డంగా మెల్లగా తిప్పాలి. ఒక డిగ్రీ తిప్పి, మూడు నాలుగు సెకన్లు ఆగి, అంకె చదవాలి. తెర మీది అంకె వెనకబడి వస్తుంది కాబట్టి తొందరపడితే శిఖరం దాటిపోతుంది. శిఖరం దొరికిందనిపించాక కూడా రెండు పక్కలా ఇరవై డిగ్రీలు తిప్పి చూడాలి. డిష్షుకు అసలు కిరణం పక్కన చిన్న పక్క కిరణాలుంటాయి, బలం 15, 20 డీబీ తక్కువ. జేబులో రాసిపెట్టుకున్న అంకె ఇప్పుడు పనికొస్తుంది. మైనస్ 56కు నాలుగైదు డీబీ అటోఇటో వస్తే సరే. 15 తక్కువగా ఉండి ఇక పెరగనంటే పక్క కిరణం మీద కూర్చున్నట్టే. అడ్డం కుదిరాక నిలువు. కొండమీది టవరు 4 కిలోమీటర్ల దూరంలో 120 మీటర్ల ఎత్తున ఉన్నా వంపు 1.7 డిగ్రీలే. ఎత్తు కంటికి ఎక్కువగా కనిపించి డిష్షును ఆకాశానికి ఎత్తేస్తుంటారు. ఇవన్నీ గొట్టం రసమట్టంతో నిటారుగా ఉంటేనే. ఒరిగిన గొట్టం మీద అడ్డం తిప్పితే నిలువూ మారిపోతుంది.

రేడియోలో సిగ్నల్‌కు రెండు దారులుంటాయి (తెర మీద ‘చెయిన్’ అని కనిపిస్తాయి), అడ్డం ఒకటి, నిలువు ఒకటి. వాటి అంకెల మధ్య 3 డీబీ దాటి తేడా ఉంటే ఒక వైపు రేడియో ఒరిగి ఉండటమో, దారిలో అడ్డమో, డిష్షు లోపలి కనెక్టరు సరిగా కూర్చోకపోవడమో. చివరగా బిగింపు. నట్టు బిగిస్తుంటే డిష్షు తిరుగుతుంది కాబట్టి నట్లను వంతులవారీగా కొంచెం కొంచెం బిగిస్తూ అంకె చూస్తూ ఉండాలి.

కిరణం వెడల్పు 6 డిగ్రీలున్న డిష్షు 3 డిగ్రీలు తిరిగితే 3 డీబీ పోతుంది, 6 డిగ్రీలు తిరిగితే 12 డీబీ. ఇంచిన్నర పైపు మీద 6 డిగ్రీలంటే పైపు ఒంటి మీద రెండున్నర మిల్లీమీటర్ల జారుడు. ఎవరి కంటికీ ఆనదు. అందుకే గురి కుదిరాక క్లాంపుకూ పైపుకూ కలిపి నిలువుగా ఒక పెయింటు గీత గీయాలి. ఆర్నెల్ల తర్వాత గీత విరిగి కనిపిస్తే జరిగిందేమిటో చెప్పనక్కర్లేదు. డిష్షు పెద్దదైతే పైపు గోడ క్లాంపులోనే తిరగకుండా క్లాంపునూ పైపునూ కలిపి ఆరపార ఒక 8 మిల్లీమీటర్ల బోల్టు వేయడం మేలు.

కరెంటు, సరిహద్దు

8 వాట్ల రేడియో, 10 వాట్ల రౌటరు కలిసి 18 వాట్లు. 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీని సగం దాకా వాడితే రెండు గంటలకు పైచిలుకు వస్తుంది. కరెంటు లేని కొండమీద మధ్య స్థావరం పెట్టాల్సొస్తే, రెండు రేడియోలు, ఒక స్విచ్చి కలిపి 21 వాట్లు, రోజుకు 500 వాట్-అవర్లు. దానికి 180 వాట్ల సోలార్ పానెల్ ఎండాకాలానికి చాలు. ముసురు పట్టిన మూడు రోజులు నిలవాలంటే మాత్రం 12 వోల్టుల 250 ఏహెచ్ బ్యాటరీ కావాలి. ఇందులో దొంగల భయం కూడా కలుపుకుంటే, కొండ చుట్టూ తిరిగి కరెంటున్న ఇంటి మీంచి దారి వెతకడమే తరచు చవక.

పాతపట్నం వైపు కనెక్షను తీసుకుని ఏటి ఇవతల పర్లాకిమిడి వైపు ఉన్న సొంత ఇంటికో గోదాముకో రేడియోతో కలుపుకోవాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. ముందు కనెక్షను ఇచ్చిన సంస్థ షరతులు చూసుకోవాలి. ఆ నెట్టును ఇరుగుపొరుగుకు డబ్బుకు అమ్మాలనుకుంటే మాత్రం ఇంటర్నెట్ సర్వీసు లైసెన్సు నిబంధనలు ముందే కనుక్కోవాలి. ఆ లైసెన్సుల్లో కొన్ని టెలికాం సర్కిళ్ల వారీగా ఉంటాయి, ఆంధ్రకు వేరు, ఒడిశాకు వేరు.

లింకు మొరాయించినప్పుడు నిచ్చెన వేయకముందే అడగాల్సిన ప్రశ్న: ఎప్పుడు పోతోంది? వాన మొదలైన గంటకు పోయి, ఎండ కాశాక వస్తే కనెక్టరులో నీళ్లు. గాలికి మాత్రమే ఊగితే వదులైన క్లాంపు, లేదా దారిలోకి వచ్చిన కొమ్మ. రోజూ రాత్రి ఏడింటి నుంచి పదింటి దాకా నెమ్మదించి, సిగ్నల్ అంకె మాత్రం మారకుండా ఉంటే చానెల్ మీద ఇంకొకరున్నారు. 40 మెగాహెర్ట్జ్ వెడల్పును 20కి తగ్గించి, ఖాళీ చానెల్‌కు మారాలి. పొలం మోటారు వేసినప్పుడల్లా రేడియో ఆరి వెలిగితే వోల్టేజీ పడిపోతోంది, అడాప్టరును ఇన్వర్టరు మీదికి మార్చాలి. సిగ్నల్ మొదటి రోజు అంకెలాగే ఉండి, వేగం సరిగ్గా 90 మెగాబిట్ల దగ్గర ఆగిపోతే రేడియోను ముట్టుకోనక్కర్లేదు. ఎనిమిది తీగల్లో ఏదో ఒకటి అందక పోర్టు 100కు దిగింది, కింది కనెక్టరు కోసి కొత్తది క్రింప్ చేస్తే చాలాసార్లు పైకి ఎక్కే పనే ఉండదు.